మార్మన్లు చనిపోయినవారికి బాప్తిస్మం ఎలా ఇస్తారు? ఎందుకు?

మార్మన్లంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖవారు. వాళ్లు శవాన్ని నీటిలో ముంచుతారని కొందరు అనుకుంటారు. అది అపోహ. మునిగేది బతికున్న మనిషే, మృతుడి పేరు మీద. మార్మన్ దేవాలయంలో పన్నెండు ఎద్దుల విగ్రహాల వీపుల మీద నిలిపిన పెద్ద తొట్టి ఉంటుంది. ఆ ఎద్దులు ఇశ్రాయేలు పన్నెండు గోత్రాలకు గుర్తు. తెల్లబట్టలు వేసుకుని అందులోకి దిగేవాళ్లలో ఎక్కువమంది కుర్రకారే. మృతుడి పేరు చదివి, అతని తరఫున ఒక్కసారి పూర్తిగా ముంచి లేపుతారు. వెంటనే మరో పేరు.

వారి నమ్మకం ప్రకారం క్రీస్తు వల్ల పునరుత్థానం అందరికీ దక్కుతుంది. కానీ ఆ తర్వాత మనుషులు చేరే మూడు మహిమలోకాల్లో అత్యున్నతమైన దానికి చేరాలంటే బాప్తిస్మం తప్పనిసరి. మరి సువార్త చెవిన పడకుండానే పోయినవారి గతి? దీనికి జవాబుగానే మార్మన్ చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్ 1840లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూలో ఈ ఆచారాన్ని బోధించాడు. మొదట్లో మిసిసిపీ నదిలోనే ముంచేవారు. ఆధారంగా, మృతుల కోసం బాప్తిస్మం పొందేవారిని ప్రస్తావించే బైబిల్ వచనం 1 కొరింథీయులు 15:29 చూపుతారు. మిగతా క్రైస్తవ శాఖల్లో చాలావరకు ఆ వచనాన్ని అలా అర్థం చేసుకోవు.

ఇంత చేసినా మృతుడు మార్మన్ అయిపోడు. ఆత్మలోకంలో అతను ఒప్పుకుంటేనే అది చెల్లుతుంది, కాదనే హక్కూ ఉంది. అయినా హోలోకాస్ట్‌లో, అంటే నాజీలు యూదులపై జరిపిన మారణకాండలో, చనిపోయినవారి పేర్లు వాడినప్పుడు యూదులు మండిపడ్డారు. నా దృష్టిలో ఆ కోపం న్యాయమైనదే. 1995లో చర్చి ఆ పని మానుకుంటామని ఒప్పుకుంది.