టెక్ సందేహాలు: అర్థం గుర్తుంటోంది, వాక్యంలో వస్తే పోల్చుకోలేకపోతున్నా

రాజాం నుంచి ఒక చెల్లి అడిగింది: "అన్నయ్యా, బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాను, జీఆర్ఈ రాయాలి. సీనియర్ ఒకరు 3,500 ఇంగ్లీషు పదాల పీడీఎఫ్ పంపారు. పొద్దున్న చదివినవి సాయంత్రానికి ఉండట్లేదు. గుర్తున్నవి కూడా సెంటెన్స్‌లో వస్తే పోల్చుకోలేకపోతున్నా. ఏటి చెయ్యమంటారు, మంచి యాప్ ఏదైనా ఉందా?"

యాప్ ఉంది చెల్లీ, చెప్తాను, కానీ ముందు ఆ పీడీఎఫ్ పక్కన పెట్టెయ్. అంత పొడుగు లిస్టులు పాత జీఆర్ఈకి పనికొచ్చేవి, అప్పట్లో ఒక పదం ఇచ్చి దీనికి వ్యతిరేక పదం ఏది అని నేరుగా అడిగేవారు కాబట్టి అందరూ వరసపెట్టి బట్టీ కొట్టేవాళ్లు. 2011 ఆగస్టులో పరీక్ష మార్చినప్పుడు ఆ ఆంటనిమ్స్, పదాల జతల మధ్య పోలిక అడిగే అనాలజీస్, రెండూ తీసేశారు. ఇప్పుడు వెర్బల్‌లో, అంటే ఇంగ్లీషు భాగంలో, 27 ప్రశ్నలు, 41 నిమిషాలు, అందులో పాసేజీలు పోగా మిగిలినవన్నీ వాక్యంలో ఖాళీ ఇచ్చి సరిపోయే పదం పెట్టమనేవే. పరీక్ష అడిగేదొకటి, నువ్వు చదివేది ఇంకొకటి, అందుకే నీకు పదం తెలిసినట్టే ఉండి కూడా చేతికి రావట్లేదు.

ఒక పదం తీసుకుని చూద్దాం. మిటిగేట్. ఇలాంటి లిస్టుల్లో దాని ఎదురుగా "తగ్గించు" అని ఉంటుంది, అంతే. అది చదివినవాళ్లు షాపులో రేటు తగ్గించమనడానికి "మిటిగేట్ ది ప్రైస్" అని రాసేస్తారు, అలా ఇంగ్లీషులో ఎవరూ అనరు. అదే ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం వేసే లెర్నర్స్ డిక్షనరీ తెరిస్తే చెడ్డదాని తీవ్రత తగ్గించడం అని డెఫినిషన్‌లోనే ఉంటుంది, కింద ఉదాహరణలు చూస్తే డ్యామేజ్, రిస్క్, ఇంపాక్ట్, ఎఫెక్ట్స్, ఇలాంటివే దాని పక్కన తగుల్తాయి. ఆ జత పట్టుకున్నాక నీ సొంత వాక్యం ఒకటి రాయి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎలా కూలిపోయాయో మన వైపు మర్చిపోయినవాళ్లు ఎవరున్నారు, దాని మీదే రాయి: "ది గవర్నమెంట్ పెయిడ్ కాంపెన్సేషన్ టు మిటిగేట్ ది లాసెస్ ఆఫ్ కోకోనట్ ఫార్మర్స్". మనకి తెలిసిన సంగతి మీద రాసిన వాక్యం వేరేవాళ్ల పది వాక్యాల కంటే ఎక్కువ కాలం ఉంటుంది, నేను గట్టిగా నమ్మే మాట ఇది.

డిక్షనరీ ఏది అంటే లాంగ్‌మన్, వెబ్‌సైట్‌లో ఫ్రీగానే చూడొచ్చు. 1978లో మొదటిసారి వేసినప్పటి నుంచీ వాళ్లు డెఫినిషన్లని సుమారు 2,000 మామూలు పదాల్లోనే రాస్తారు, అందుకని ఒక పదం కోసం వెళ్లి ఇంకో మూడు పదాలు వెతుక్కునే బాధ ఉండదు. కొలిన్స్ సైట్‌లో కోబిల్డ్ డిక్షనరీ కూడా చూడు, అందులో డెఫినిషనే పూర్తి వాక్యంగా ఉంటుంది, పదం వాడే తీరు అక్కడే తెలిసిపోతుంది.

ఇక యాప్. ప్లేస్టోర్‌లో అంకిడ్రాయిడ్ అని ఉంటుంది, ప్రశ్న ఒకవైపు జవాబు ఒకవైపు ఉండే కార్డులతో గుర్తుపెట్టించే అంకి అనే ప్రోగ్రామ్‌కి ఆండ్రాయిడ్ యాప్ ఇది, పూర్తిగా ఫ్రీ, యాడ్స్ లేవు. అంకి అనే పేరు పెట్టుకుని నెలనెలా డబ్బులడిగే వేరే యాప్స్ కూడా ఉన్నాయి, పేరు సరిగ్గా చూసి వేసుకో. నోట్ టైప్‌లో క్లోజ్ (Cloze, మూసెయ్యడం కాదు, ఖాళీ పూరించేది) అని ఎంచుకుని నీ వాక్యం టైప్ చేసి, మిటిగేట్ అన్న పదం సెలెక్ట్ చేసి క్లోజ్ బటన్ నొక్కితే ఆ పదం దగ్గర ఖాళీ వస్తుంది, కింద రెండో గడిలో డెఫినిషన్ పెట్టు, అచ్చం జీఆర్ఈ ప్రశ్నలాగే ఉంటుంది కార్డు. గుర్తున్న కార్డుని యాప్ కొన్ని రోజులాగి, తర్వాత కొన్ని వారాలాగి చూపిస్తుంది, మర్చిపోయినదాన్ని వెంటనే మళ్లీ తెస్తుంది. 1885లోనే ఎబింగ్‌హాస్ అనే జర్మన్ సైకాలజిస్టు తన జ్ఞాపకం మీద తనే ప్రయోగాలు చేసి, నేర్చుకున్నది మొదటి గంటల్లోనే ఎక్కువ పోతుందనీ తర్వాత నెమ్మదిస్తుందనీ లెక్కగట్టాడు, ఈ గ్యాప్‌ల పద్ధతికి మూలం అక్కడే ఉంది.

రెండు జాగ్రత్తలు. రోజుకి 20 కొత్త కార్డులు అని ముందే పెట్టి ఉంటుంది, దాన్ని ఎనిమిదికో పదికో దించు, లేకపోతే నెల తిరిగేసరికి రివ్యూలు కొండలా పేరుకుపోయి యాప్ తెరవాలంటేనే భయమేస్తుంది. పదం గుర్తురానప్పుడు హార్డ్ నొక్కకు, ఎగైన్ నొక్కాలి, హార్డ్ అంటే కష్టపడినా గుర్తొచ్చింది అని యాప్ అర్థం చేసుకుని కార్డుని దూరం జరిపేస్తుంది. ఈ ఒక్క తప్పు వల్ల అంకి పనిచెయ్యట్లేదు అనేవాళ్లు చాలామంది ఉంటారు. అంకి వాళ్ల వెబ్‌సైట్ అంకివెబ్‌లో అకౌంట్ తెరిచి సింక్ చేసుకో, ఫోన్ పోయినా కార్డులు పోవు.

పలాస నుంచి ఒక తమ్ముడు: "బ్యాంక్ పరీక్షలకి ప్రిపేర్ అవుతున్నా, ఆమదాలవలస దాకా ట్రైన్‌లో వెళ్లొస్తుంటా, మధ్యలో సిగ్నల్ పోతే డిక్షనరీ తెరుచుకోదు."

లివియో వాళ్ల ఇంగ్లీష్ డిక్షనరీ ఆఫ్‌లైన్ అనే యాప్ వేసుకో తమ్ముడూ, విక్షనరీ నుంచి తీసుకున్న డెఫినిషన్లు, నెట్ అక్కర్లేదు. ఉదాహరణలు కొన్నిటికి తక్కువుంటాయి, అలాంటివి గుర్తుపెట్టుకుని ఇంటికెళ్లాక లాంగ్‌మన్‌లో చూసుకో.

బొబ్బిలి నుంచి ఒక మేడమ్, హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తారట: "పిల్లలు చాట్‌జీపీటీని అడిగి ఉదాహరణ వాక్యాలు తెస్తున్నారు. నమ్మొచ్చా?"

మేడమ్, వాక్యాలు చాలావరకు బాగానే ఇస్తుంది, కాకపోతే పిల్లలు రాయాల్సింది కూడా అదే రాసేస్తే వాళ్లకేం మిగలదు. వాక్యం పిల్లాడు రాయాలి, దాన్ని దిద్దమని మాత్రం అడగాలి. అడిగేటప్పుడు "ఇది కరెక్టేనా" అంటే ఊరికే మెచ్చుకుని వదిలేసే ప్రమాదం ఉంది, "ఈ పదం పక్కన ఈ మాట మామూలుగా వాడతారా, వాడకపోతే ఏది వాడతారు" అని అడగమనండి. అది చెప్పిన జవాబు మీద అనుమానముంటే ఆ రెండు మూడు మాటల్ని కొటేషన్ మార్కుల్లో పెట్టి గూగుల్‌లో వెతికిస్తే, పేపర్లలో, మంచి సైట్లలో నిజంగా వాడుతున్నారో లేదో కనిపిస్తుంది. ఉచ్చారణ కోసం యూగ్లిష్ సైట్ చూపించండి, పదం కొడితే యూట్యూబ్ వీడియోల్లో జనం ఆ పదం పలికిన చోటికే తీసుకెళ్తుంది, క్లాసులో ప్రొజెక్టర్ ఉంటే ఇంకా బాగుంటుంది.

నెల్లిమర్ల నుంచి: "ఐఫోన్‌లో అంకికి డబ్బులడుగుతోంది, ఆండ్రాయిడ్‌లో ఫ్రీ కదా?"

అవును, ఐఫోన్‌ది అంకిమొబైల్, ఒకసారి డబ్బు కట్టి కొనుక్కోవాలి. వద్దనుకుంటే కంప్యూటర్‌లో అంకి ఫ్రీగా వేసుకుని కార్డులు అక్కడ చేసుకోండి, ఫోన్‌లో సఫారీ తెరిచి అంకివెబ్‌లో రివ్యూ చేసుకోవచ్చు, దానికి మాత్రం నెట్ ఉండాలి.