ప్రశ్న: విమానాశ్రయంలో లగేజీ తనిఖీలో పాదరసం బీపీ మిషన్ ఆపేశారు, పాదరసం థర్మామీటర్ వదిలేశారు. ఎందుకు?

సమాధానం: విమానంలో పాదరసం తేకూడదన్న నియమం నుంచి సాధారణ ప్రయాణికులకు మినహాయింపు జ్వరం చూసే చిన్న థర్మామీటర్‌కే. అందులో పాదరసం సుమారు ఒక గ్రామే. బీపీ మిషన్‌లో పదుల గ్రాములు ఉంటుంది కాబట్టి చెక్-ఇన్ లగేజీలో పెట్టినా ఆపుతారు.

విషం ఒక్కటే కాదు, అసలు భయం విమానం నిర్మాణంలోని అల్యూమినియం గురించి. అల్యూమినియంపై పలుచని ఆక్సైడ్ పొర కవచంలా ఉంటుంది. ఒక గీత పడి పాదరసం లోపలికి చేరితే ఆ పొర మళ్లీ అతుక్కోదు. గాలి, తేమ తగిలేకొద్దీ లోహం తెల్లటి పొడిగా రాలుతూనే ఉంటుంది. పాదరసం మాత్రం ఖర్చు కాదు, అందుకే చిన్న బొట్టు కూడా చాలాకాలం పనిచేస్తుంది. పైగా విమానం నేల సందుల్లోకి జారితే వెతకడం నరకం.

ఇప్పుడు చేయాల్సింది:

1. థర్మామీటర్: మనిషికి ఒకటే, సొంత వాడకానికి, చెక్-ఇన్ లగేజీలోనే.
2. ఎక్కువమంది మరిచేది ఇదే: అది దాని గట్టి గొట్టం డబ్బాలోనే ఉండాలి. బట్టల్లో చుడితే చాలదు. డబ్బా లేకపోతే నిబంధన ప్రకారం అనుమతి లేనట్టే.
3. బీపీ మిషన్: ప్రమాదకర సరుకుగా ప్రకటించి కార్గోలో పంపాలి (పాదరసం ఉన్న వస్తువులకు ఐక్యరాజ్యసమితి గుర్తింపు సంఖ్య: యూఎన్ 3506). పాదరసం బయటకు తీసి సీసాలో పోసి తేవద్దు, అది ఇంకా ఘోరం.
4. ప్రయాణంలో వాడుకకైతే డిజిటల్ మిషన్ కొనండి.
5. బ్యాగులో పగిలిందనిపిస్తే తెరవకుండా, దులపకుండా వెంటనే సిబ్బందికి చెప్పండి.

కొన్ని విమాన సంస్థలు థర్మామీటర్‌నూ ఒప్పుకోవు. ముందే అడగండి.