గ్రేడ్ 8 అయింది, ఇక వేదికే అంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. ఏడేళ్ల వయసు నుంచి పియానో నేర్చుకుంటోంది. ఇంట్లో మంచి డిజిటల్ పియానో కొనిచ్చాం. మొన్న పియానో గ్రేడ్ పరీక్షల్లో చివరిదైన గ్రేడ్ 8 డిస్టింక్షన్‌లో పాసయింది. ఆన్‌లైన్ అంతర్జాతీయ పోటీల్లో బహుమతులూ వచ్చాయి. బీటెక్ వద్దు, కచేరీ పియానిస్టునవుతాను అంటోంది. జర్మనీకి పంపాలా, అమెరికాకా? ఎక్కడ చదివితే ఎంత ఖర్చు, ఎంత సంపాదన? పోల్చి చెప్పండి. బీటెక్ చేస్తూ ఇది కొనసాగించకూడదా?
- ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో ఖర్చు ఉంది, సంపాదన ఉంది, బహుమతులున్నాయి. అమ్మాయి ఎవరి రచనలు వాయిస్తుందో, రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటుందో ఒక్క ముక్క లేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. మీ భయం నాకు తెలియనిది కాదు. పిల్ల రేపు ఎలా బతుకుతుందన్నదే కదా? సోలో కచేరీల మీదే బతికే పియానిస్టులు లోకంలో బహు కొద్దిమంది. పియానో మీద బతికేవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు.

మొదట ఆ కొద్దిమంది సంగతి. పోలండ్ రాజధాని వార్సాలో, స్వరకర్త షోపాన్ పేరిట అయిదేళ్లకోసారి జరిగే పియానో పోటీలో 2015లో ఎరిక్ లూ అనే పదిహేడేళ్ల కుర్రవాడు నాలుగో స్థానంలో నిలిచాడు. 2018లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ పియానో పోటీలో మొదటి బహుమతి గెలిచాడు. మరొకరైతే అక్కడితో ఆగేవారు. అతను 2025లో మళ్లీ వార్సా వెళ్లి న్యాయనిర్ణేతల ముందు కూర్చుని, ఈసారి గెలిచాడు. అంత పేరున్నవాడికే ఒక బహుమతితో పని జరగలేదు. పైగా వయొలిన్ వాద్యకారుడు తన వాద్యాన్ని భుజాన వేసుకుని వెళతాడు. పియానిస్టు ఏ ఊరు వెళితే ఆ హాల్లో ఉన్న పియానోతోనే, కాసేపటి పరిచయంతో, సర్దుకోవాలి. వచ్చిన పారితోషికంలో ఏజెంటు వాటా పోతుంది. చేతికి దెబ్బ తగిలినా, జబ్బు చేసినా అంతే. అమెరికా పియానిస్టు లియోన్ ఫ్లైషర్ అంతటి వాడికి 1960ల మధ్యలో కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయాయి. ఎడమచేతి కోసం రాసిన రచనలతోనూ, పాఠాలతోనూ దశాబ్దాలు నెట్టుకొచ్చాడు.

ఇక ఆ ఆన్‌లైన్ బహుమతులు. నొచ్చుకోకండి, ఆ ఫైలు పక్కన పెట్టండి. వీడియో పంపి, ఫీజు కట్టినవారందరికీ ఏదో ఒక బహుమతి వచ్చే పోటీల ధ్రువపత్రాలు నా బల్ల మీదకు వారానికొకటి వస్తున్నాయి. నిజమైన సంగీత కళాశాలలో వాటిని ఎవరూ తిరగేయరు. ప్రవేశ పరీక్షలో బాక్ ప్రెల్యూడ్, ఫ్యూగ్, ఒక క్లాసికల్ సొనాటా, షోపాన్ ఎట్యూడ్ లాంటి రచనలు స్వరలిపి చూడకుండా వాయించమంటారు. గ్రేడ్ 8 చిన్నదని అనను. మీరు దాన్ని శిఖరం అనుకుంటున్నారు, ఆ కళాశాలల్లో అది వాకిలి. అంతకన్నా నన్ను కలవరపెట్టేది మీ డిజిటల్ పియానో. గ్రాండ్ పియానోలో మీట నొక్కితే సుత్తి వెళ్లి తీగను కొడుతుంది, ఆ బరువు వేరు, పెడల్ సగం తొక్కితే వచ్చే ధ్వని వేరు. మీ అమ్మాయి ఇప్పటిదాకా గ్రాండ్ ముందు మొత్తం ఎన్ని గంటలు కూర్చుందో అడగండి.

భయపెట్టాను కదా, ఇప్పుడు ధైర్యం చెబుతాను. మన కర్ణాటక కచేరీలో పక్కవాద్యం ఉన్నట్టే పాశ్చాత్య సంగీతంలోనూ గాయకులకు, వయొలిన్ వాళ్లకు పియానో తోడు కావాలి. ఒపేరాలో, అంటే వాళ్ల సంగీత నాటకంలో, రిహార్సళ్లన్నీ పియానో మీదే నడుస్తాయి. బాలే నృత్య తరగతులకు పియానిస్టు కావాలి. స్వరలిపి చూసి అప్పటికప్పుడు వాయించగల మనిషికి పని దొరుకుతుంది. ప్రసిద్ధ సోవియట్ పియానిస్టు రిక్టర్ ఇరవై ఏళ్లు నిండకముందే ఒడెస్సా ఒపేరాలో అలాంటి కొలువు చేశాడు. మాస్కో కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో చేరింది 1937లో, ఇరవై రెండేళ్లకు. ఇక పాఠాలు చెప్పడం. దాన్ని ఓడిపోయినవాళ్ల పనిగా చూసే తల్లిదండ్రులంటే నాకు కోపం. పదేళ్లుగా మీ అమ్మాయికి నేర్పిన టీచరుకు మీరే నెలనెలా ఫీజు కడుతున్నారు కదా!

పోలిక క్లుప్తంగా. జర్మనీలో చాలా ప్రభుత్వ సంగీత కళాశాలల్లో ఫీజు లేదు, లేదా తక్కువ. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మనలాంటివారికి సెమిస్టరుకు 1,500 యూరోలు. బతకడానికి అయ్యే ఖర్చు, జర్మన్ భాష అదనం. అమెరికాలో ఫీజులు భారీ. ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత కళాశాలలో 1928 నుంచి ట్యూషన్ ఫీజు లేదు గానీ సీట్లు వేళ్ల మీద లెక్కించాలి. అప్పు చేసి అమెరికా పంపే ఆలోచన మాత్రం మానుకోండి. ఏ దేశంలో చదివితే ఎంత వస్తుందన్న పట్టిక నేను ఇవ్వను. ఈ రంగంలో జీతం డిగ్రీ మీద రాసి ఉండదు.

బీటెక్ చేస్తూ సరదాగా వాయించవచ్చు, చాలామంది సంతోషంగా వాయిస్తున్నారు. కళాశాల ప్రవేశానికి సిద్ధం కావడం మాత్రం సెమిస్టరు పరీక్షల మధ్య కుదిరే పని కాదు. ఇంటర్ ఎలాగూ పూర్తిచేస్తుంది. ఈ రెండేళ్లలో, ఇప్పటి టీచరు కాక బయటి పియానిస్టులు ఇద్దరి ముందు కూర్చోబెట్టండి. వాళ్లు మాట్లాడుతున్నప్పుడు మీరు గది బయట ఉండండి. వారానికి కొన్ని గంటలైనా గ్రాండ్ మీద సాధన దొరికేలా చూడండి. డిజిటల్ పియానోను ఇప్పుడే అమ్మకండి. రాత్రి పదకొండు దాటాక పక్క ఫ్లాటువాళ్లు నిద్రపోవాలి కదా, హెడ్‌ఫోన్లతో అది పనికొస్తుంది.