బాస్కెట్‌బాల్ ప్రెస్‌లో బంతి పోతోందా? పాయింట్ గార్డ్ స్థానం కోసం ఇలా చెయ్యి

తమ్ముడూ, షూటింగ్ సీనియర్ కన్నా బాగున్నా కోచ్ నిన్ను రెండో టీమ్‌లోనే ఆడిస్తున్నాడన్నావు. కారణం కూడా నువ్వే రాశావు: ప్రెస్ పడగానే, అంటే అవతలి జట్టు కోర్టంతా మీదికొచ్చి ఒత్తిడి పెట్టగానే, బంతి పోతోంది. బంతి ముందుకు తెచ్చి ఆట నడిపే పాయింట్ గార్డ్‌ని ముందు చూసేది అక్కడే.

8 సెకన్లలో కోర్టు మధ్య గీత దాటాలన్న తొందరలో నువ్వు సైడ్‌లైన్ వెంటే పరిగెత్తుతున్నావు. అందుకే ఇద్దరొచ్చి బిగించేస్తున్నారు. గీత దాటిన వెంటనే ఆగితే ఇంకా కష్టం, వెనక్కి పాస్ ఇవ్వడానికి ఉండదు. మధ్యలోంచి రా. రెండో డిఫెండర్ నీ వైపు కదలగానే రెండు డ్రిబుల్స్ వెనక్కి లాగి, అతను వదిలేసిన ఆటగాడికి పాస్ కొట్టు. బంతి డిఫెండర్‌కి దూరంగా ఉన్న చేతిలో, మోకాలి ఎత్తులో ఉండాలి. తల మాత్రం పైకే.

ప్రాక్టీసుకి ముందు 15 నిమిషాలు ఇద్దరిని ఎదురు పెట్టి ఒక్కడివే బంతి దాటించు, సగం సార్లు ఎడమ చేత్తో. మన హైదరాబాద్ వానలకి సిమెంటు కోర్టు తడిస్తే మాత్రం ఈ డ్రిల్ వద్దు. కాలు బెణికితే సెలక్షన్సే పోతాయి. ఆ రోజు గోడకి పాస్‌లు చాలు.

ఇంకోటి, డిఫెన్స్‌లో నోరు విప్పు. స్క్రీన్ (మనవాడి దారికి అడ్డంగా అవతలి ఆటగాడు వచ్చి నిలబడటం) వస్తుంటే ‘ఎడమ, ఎడమ’ అని గట్టిగా అరువు. కోచ్‌లు ఇది తప్పకుండా గమనిస్తారు. రేపే వెళ్లి ‘సార్, నాలో ఏం మారాలి?’ అని సూటిగా అడుగు.