బాసిట్రాసిన్‌కు జింక్ అవసరమే, మేతలో అదనంగా కలపనక్కర లేదు

ప్రశ్న: మాది మదనపల్లె వైపు. దొడ్డబళ్లాపురం దగ్గర బ్రాయిలర్ షెడ్డు నడుపుతున్నాం. మూడు వారాలు దాటిన కోళ్లు పల్చగా పారుకుంటున్నాయి, కొన్ని చనిపోతున్నాయి. మేతలో జింక్ బాసిట్రాసిన్ ఉంది. మందు బాగా పనిచేయాలంటే జింక్ ఇంకా కలపాలని మందుల దుకాణంలో చెప్పారు. మా బోరు నీరు బాగా కఠినం. దానివల్ల మందు పనిచేయడం లేదా? ఇదివరకు వాడిన కోలిస్టిన్ మళ్లీ ఇవ్వవచ్చా?

జవాబు: దుకాణంలో చెప్పిన మాటకు ఆధారం లేకపోలేదు, కానీ దాని నుంచి తీసిన సలహా తప్పు. బాసిట్రాసిన్ బాసిల్లస్ జాతి బాక్టీరియా తయారుచేసే పెప్టైడ్ మందు. పన్నెండు అమైనో ఆమ్లాల గొలుసులో ఏడు వలయంగా మూసుకోగా, మిగిలినవి తోకలా ఉంటాయి. లోహం లేనప్పుడు ఈ అణువు వదులుగా కదులుతుంది. జింక్ అయాన్ చేరాక, బాక్టీరియా గోడ కట్టడానికి సరుకు మోసే కొవ్వు అణువు చివరనున్న జంట ఫాస్ఫేట్ ముక్కను, అంటే పైరోఫాస్ఫేట్‌ను పిడికిట్లో బిగించినట్లు చుట్టేస్తుంది. ఆ మోతగాడు మళ్లీ పనికి రాలేడు, గోడ కట్టడం ఆగిపోతుంది. ఈడీటీఏ వంటి రసాయనంతో లోహాన్ని లాగేస్తే మందు శక్తి పడిపోవడం ఇందువల్లనే.

అయితే జింక్ బాసిట్రాసిన్‌లో కావలసిన లోహం ముందే కలిసి ఉంటుంది. బ్రాయిలర్ మేతలో కిలోకు 40 మిల్లీగ్రాముల జింక్ అవసరమని ప్రామాణిక పట్టికలు చెబుతాయి. మంచి ఖనిజ మిశ్రమం దీన్ని తీరుస్తుంది. అంతకు మించి పోస్తే మందు బలం పెరగదు సరికదా, పేగులో రాగి గ్రహణం తగ్గుతుంది. మీ బోరు నీటినీ ఇక్కడ తప్పుపట్టలేం, ఎందుకంటే ఈ మందును బలంగా పట్టుకునేవి రాగి, నికెల్, కోబాల్ట్, జింక్ వంటి లోహాలే గాని కఠిన నీటిలో ఎక్కువగా ఉండే కాల్షియం, మెగ్నీషియం కావు.

కోలిస్టిన్ సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఈ.కోలై వంటి గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా పైపొరను కాల్షియం, మెగ్నీషియం అయాన్లు కుట్టినట్లు పట్టి ఉంచుతాయి. ధనావేశం గల కోలిస్టిన్ వాటిని తోసి ఆ చోటు ఆక్రమిస్తేనే పొర చిరుగుతుంది. కనుక ఆ లోహాలు ఎక్కువైతే మందుకు అడ్డమే. ప్రయోగశాలలో మందు పరీక్షకు వాడే ద్రవంలో లీటరుకు కాల్షియం 20–25, మెగ్నీషియం 10–12.5 మిల్లీగ్రాములు ఉండేలా సరిచేయడం ఈ తేడా రాకుండా ఉండేందుకే. ఇదంతా తెలుసుకోవడానికే, వాడకానికి కాదు. మనుషులకు చివరి ఆసరా మందుల్లో ఒకటైన కోలిస్టిన్‌ను ఆహారానికి పెంచే జంతువులకు, కోళ్లకు ఇవ్వరాదని కేంద్ర ప్రభుత్వం 2019 జూలైలో నిషేధించింది.

నా ఉద్దేశంలో మీరు లోహం గురించి కాక రోగం గురించి ముందు ఆలోచించాలి. బాసిట్రాసిన్ క్లాస్ట్రీడియం అనే బాక్టీరియా వల్ల వచ్చే పేగు కుళ్లుకు పనిచేస్తుంది, ఈ.కోలైకి గాని, రక్తపారుడు తెచ్చే కాక్సీడియా అనే పరాన్నజీవికి గాని పనిచేయదు. చనిపోయిన కోడిని కోసినప్పుడు చిన్నపేగు గాలితో ఉబ్బి, లోపలి పొర టర్కీ తువ్వాలులా గరుకుగా, గోధుమ రంగులో కనిపిస్తే పేగు కుళ్లును అనుమానించాలి. దానికి దారి వేసేది తరచుగా కాక్సీడియానే గనుక తడి లిట్టర్‌ను వెంటనే మార్చండి. కొత్త మందు ఏదీ మొదలుపెట్టక ముందే, అప్పుడే చనిపోయిన కోళ్లను గడ్డకట్టించకుండా ఐసు మధ్య పెట్టి, పశువైద్యుడి చీటీతో బెంగళూరు హెబ్బాళలోని పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపండి.