కోడ్ వచ్చింది సరే, మార్చాల్సిందేమిటి?

ఈసారి అందిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం డాష్‌బోర్డు మీద వెలిగే ఇంజన్ బొమ్మ గురించే. ఆ లైటు వేసినప్పుడు కారు కంప్యూటర్ తప్పును ఒక కోడ్‌గా నమోదు చేసుకుంటుంది. స్కానర్‌తో ఆ కోడ్ చదవడమే స్కాన్. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం. జవాబులన్నీ పెట్రోలు కార్లకు సంబంధించినవి.

ప్రశ్న: చెక్ ఇంజన్ లైటు వెలిగింది, బండి మాత్రం మామూలుగానే నడుస్తోంది. అక్కడే ఆపేయాలా, ఇంటిదాకా తీసుకుపోవచ్చా?

జవాబు: లైటు నిలకడగా ఉందా, ఆరి వెలుగుతోందా అన్నది ముందు చూడండి. నిలకడగా ఉండి, లాగుడులోనూ శబ్దంలోనూ తేడా లేకుండా, టెంపరేచర్ ముల్లు రోజూ ఉండే చోటే ఉంటే నిదానంగా ఇంటికి వెళ్లొచ్చు. నాలుగైదు రోజుల్లో స్కాన్ చేయించండి.

ఆరి వెలుగుతుంటే మాత్రం వెంటనే యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి. ఏదో సిలిండర్ గట్టిగా మిస్సింగ్ కొడుతోందని, అంటే అందులో పెట్రోలు సరిగా మండడం లేదని దాని అర్థం. అక్కడ మండని పెట్రోలు, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి మండుతుంది, ఆ వేడికి లోపలి పింగాణీ జల్లెడ కరిగిపోతుంది. వేగం తగ్గించాక లైటు నిలకడకు వస్తే దగ్గర్లోని గ్యారేజీ దాకా మెల్లగా పోవచ్చు. అప్పటికీ మిణుకుతుంటే పక్కకు తీసి ఇంజన్ ఆపేయడమే.

ఎర్రగా వెలిగే ఆయిల్ డబ్బా బొమ్మ, థర్మామీటర్ బొమ్మ వేరే సంగతి. అవి వెలిగితే ఇంటిదాకా అన్న ఆలోచనే వద్దు.

ప్రశ్న: ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చిన్న స్కానర్ కొన్నాను. ఎక్కడ పెట్టాలి? కోడ్‌ని ఎలా చదవాలి?

జవాబు: స్టీరింగ్ కింద, డ్రైవరు మోకాళ్ల పైభాగంలో 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. స్కానర్ గుచ్చి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేయండి. స్కానర్‌లో దీపం కూడా వెలగలేదంటే ఆ సాకెట్‌కు బ్యాటరీ కరెంటు రావట్లేదన్నమాట. చాలా కార్లలో దానికీ సిగరెట్ లైటర్ సాకెట్‌కీ ఒకటే ఫ్యూజు, అది కాలిపోయిందేమో చూడండి.

కోడ్ మొదటి అక్షరం పి అయితే ఇంజన్, గేర్‌బాక్సు. బి అయితే బాడీ, సి అయితే బ్రేకులు, స్టీరింగ్ లాంటివి, యు అయితే కంప్యూటర్ల మధ్య సమాచారం తెగిపోవడం. తర్వాతి అంకె 0 అయితే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం. 1 అయితే ఆ కంపెనీ సొంత కోడ్, కాబట్టి వేరే కంపెనీ పట్టికలో అర్థం వెతికితే దారి తప్పుతారు. పి కోడ్‌లో దాని తర్వాతి అంకె 1 లేదా 2 అయితే గాలి, ఇంధనం. 3 అయితే ఇగ్నిషన్. 4 అయితే పొగ నియంత్రణ.

కోడ్ కనబడగానే ‘క్లియర్’ నొక్కేయకండి. దాని పక్కనే ‘ఫ్రీజ్ ఫ్రేమ్’ అని ఒక పేజీ ఉంటుంది. తప్పు నమోదైన క్షణంలో ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) మీద ఉంది, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ వేడి ఎంత, ఇంజన్ మీద లోడు ఎంత, బండి వేగం ఎంత అన్నవన్నీ అందులో ఉంటాయి. 780 ఆర్‌పీఎం, కూలెంట్ 30 డిగ్రీలు, వేగం సున్నా అని ఉంటే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి నిలబెట్టినప్పుడు వచ్చిన తప్పు. 3,200 ఆర్‌పీఎం, 90 డిగ్రీలు, లోడు 85 శాతం అని ఉంటే ఎత్తు ఎక్కుతున్నప్పుడో, ఓవర్‌టేక్ చేస్తున్నప్పుడో వచ్చింది. ఈ రెండింటికీ వెతకాల్సిన చోట్లు వేరు. క్లియర్ కొడితే కోడ్‌తో పాటు ఈ పేజీ కూడా పోతుంది. ముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ప్రశ్న: పి0171 వచ్చింది. ఆక్సిజన్ సెన్సర్ పోయిందని మార్చారు. రెండు వారాల్లో అదే కోడ్ మళ్లీ వచ్చింది. కొత్త సెన్సర్ కూడా నాసిరకమేనా?

జవాబు: పాత సెన్సరే బాగుండి ఉంటుంది. ఒంట్లో జ్వరం చూపించిందని థర్మామీటర్ మార్చినట్టయింది. పి0171 అంటే గాలికి తగ్గ పెట్రోలు అందడం లేదని. సైలెన్సర్ గొట్టంలోని పొగలో ఆక్సిజన్ కొలిచి ఆ సంగతి కనిపెట్టి చెప్పింది ఆ సెన్సరే.

స్కానర్‌లో లైవ్ డేటా తెరిచి ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. కంప్యూటర్ తన లెక్కకు మించి ఎంత పెట్రోలు కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో చెప్పే శాతం అది. షార్ట్ టర్మ్ (అప్పటికప్పటి సవరణ), లాంగ్ టర్మ్ (నేర్చుకుని నిలిపిన సవరణ) రెండూ కూడాలి. మొత్తం 10 శాతం లోపల అటూ ఇటూ ఉంటే ఫరవాలేదు. 20, 25 దగ్గర చేరితే కోడ్ పడుతుంది.

ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఒకసారి, 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి ఒకసారి రాసుకోండి. ఐడిల్‌లో ప్లస్ 22 ఉండి, రేజ్ చేస్తే ప్లస్ 4కు దిగిందా, ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి వస్తోంది. ఐడిల్‌లో ఇంజన్ పీల్చే గాలే తక్కువ, కాబట్టి చీలికలోంచి వచ్చేది అందులో పెద్ద వాటా. రేజ్ చేసినప్పుడు అది లెక్కలోకి రాదు. ఇది లోపలికి వచ్చే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న బండ్ల మాట. ఇన్‌టేక్‌లో గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ మీద నడిచే బండ్లలో అదే లీకు ఎక్కువగా ఐడిల్ పెరగడంగా కనబడుతుంది.

ముందు చూడాల్సింది ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్ బాడీకి వెళ్లే రబ్బరు గొట్టం. పైకి చూస్తే బాగానే ఉంటుంది. మడతల్ని వేళ్లతో విప్పి చూస్తేనే, అదీ అడుగు వైపు, చీలిక బయటపడుతుంది. తర్వాత పీసీవీ హోస్ (ఇంజన్ అడుగు ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపే గొట్టం), బ్రేక్ బూస్టర్ హోస్ (బ్రేకుకు బలమిచ్చే డబ్బాకు వెళ్లే గొట్టం), ఇన్‌టేక్ గాస్కెట్ (గాలి గొట్టం ఇంజన్‌కు కలిసే చోటి సీలు). సన్న రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, తిరిగే భాగాలకు దూరంగా రెండో కొసతో వెతికితే ‘స్‌స్’మనే చోటు దొరుకుతుంది. వేడి ఇంజన్ మీద మండే స్ప్రేలు కొట్టి వెతికే అలవాటు కొందరికి ఉంది, అది వద్దు. గ్యారేజీలో లోపలికి పొగ పంపి లీకు చూసే స్మోక్ టెస్ట్ చేయించుకోండి.

ఐడిల్‌లో బాగుండి, లోడు పడ్డప్పుడు ట్రిమ్ ఎగబాకితే కథ తలకిందులు. ఫ్యూయల్ ఫిల్టర్ పూడిపోవడం, పంపు నీరసించడం, ఎయిర్ ఫ్లో సెన్సర్ తీగ మీద మురికి పట్టడం, ఈ మూడింట్లో ఏదో ఒకటి. ఆ తీగను గుడ్డతో, బ్రష్‌తో తాకకూడదు. దానికని అమ్మే క్లీనరే కొట్టి, పూర్తిగా ఆరాక బిగించాలి. ముందు ఆక్సిజన్ సెన్సర్‌కూ ఇంజన్‌కూ మధ్య సైలెన్సర్ గొట్టం జాయింటు లీకైనా బయటి గాలి చేరి ఇదే కోడ్ రావచ్చు.

ప్రశ్న: ఇంజన్ నీళ్లతో కడిగించాక బండి వణుకుతోంది, పి0303 చూపిస్తోంది. కాయిల్ కొనమంటున్నారు.

జవాబు: మూడో సిలిండర్‌లో మిస్సింగ్ అని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది. స్పార్క్‌కు కరెంటిచ్చే కాయిలా, స్పార్క్ ప్లగ్గా, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరా అన్నది మీరే తేల్చుకోవాలి. ఇంజన్ చల్లారాక మూడో కాయిల్ కనెక్టర్ ఊడదీసి, బోల్టు తీసి, కాయిల్‌ను కొంచెం తిప్పుతూ పైకి లాగండి. ప్లగ్ గుంటలో నీళ్లు నిలిచి ఉంటే ప్లగ్ విప్పక ముందే ఎయిర్ కొట్టించండి, లేకపోతే ఆ నీళ్లూ మురికీ సిలిండర్‌లో పడతాయి.

ఆరబెట్టినా తగ్గకపోతే రెండో కాయిల్‌ను మూడోదాంట్లో, మూడోదాన్ని రెండోదాంట్లో పెట్టి, కోడ్ క్లియర్ చేసి పదిహేను నిమిషాలు నడపండి. ఈసారి పి0302 వచ్చిందా, కాయిలే దోషి. పి0303 గానే ఉంటే ప్లగ్గుల్ని అలాగే మార్చి చూడండి. అప్పటికీ కదలకపోతే ఇంజెక్టర్, దాని తర్వాత కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) చూడాలి. ఒకటో సిలిండర్ ఎటు నుంచి లెక్కో మాన్యువల్‌లో చూసుకోండి.

విప్పిన ప్లగ్ తెల్ల పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత నిలువుగా ఉందేమో వెలుతురులో చూడండి. స్పార్క్ కొసకు పోకుండా పక్కనుంచి జారిపోతున్న దారి అది. కాయిల్ రబ్బరు బూటు లోపల కూడా జత గీత ఉంటుంది. అప్పుడు ప్లగ్గూ బూటూ రెండూ కలిపే మార్చాలి.

ప్రశ్న: పి0420 అంటే కన్వర్టర్ మార్చాల్సిందేనా?

జవాబు: కన్వర్టర్ పొగను సరిగా శుద్ధి చేయడం లేదని ఆ కోడ్ అర్థం. మార్చాల్సి రావడం చాలాసార్లు నిజమే, కానీ చివర్లో. మిస్సింగ్ కోడ్‌లు ఉంటే అవి ముందు, సైలెన్సర్ గొట్టం లీకులు ఆ తర్వాత. కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి. పాత రకం ముందు సెన్సర్ వోల్టేజీ 0.1 నుంచి 0.9 దాకా చకచకా ఊగుతుంది. కన్వర్టర్ బాగుంటే వెనక సెన్సర్ 0.6, 0.7 దగ్గర దాదాపు నిలకడగా ఉంటుంది. వెనకది కూడా ముందుదానిలాగే ఊగుతుంటే కన్వర్టర్ పని అయిపోయినట్టే. ఇంజన్ ఆయిల్ తాగుతుంటే అది సరిచేయకుండా కొత్తది వేయకండి, అదీ పాడవుతుంది.

ప్రశ్న: బ్యాటరీ టెర్మినల్ తీసి పెడితే లైటు ఆరింది. చాలా?

జవాబు: చాలదు. చాలా తప్పుల్ని వరసగా రెండు ట్రిప్పుల్లో చూస్తేనే కంప్యూటర్ లైటు వేస్తుంది కాబట్టి, ఒకటి రెండు రోజులు బాగైనట్టే ఉంటుంది. నిజంగా బాగుచేస్తే వరసగా మూడు మంచి ట్రిప్పుల తర్వాత లైటు దానంతట అదే ఆరుతుంది. ట్యాంకు మూత వదులైనా కొన్ని బండ్లలో లైటు వస్తుంది. ‘టిక్’మనేదాకా బిగించినా వెంటనే ఆరకపోవడానికీ కారణం ఇదే.

ప్రశ్న: వాడిన కారు కొనబోతున్నాం. లైటు వెలగడం లేదు కదా అని నమ్మొచ్చా?

జవాబు: ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు ఆ లైటు తప్పనిసరిగా వెలగాలి, ఇంజన్ స్టార్ట్ కాగానే ఆరాలి. ఆన్ చేసినా వెలగలేదంటే బల్బు పోయింది, లేదా ఎవరో పీకేశారు. తర్వాత స్కానర్‌లో ‘రెడీనెస్’ పేజీ చూడండి, కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షల జాబితా అది. క్యాటలిస్ట్, ఆక్సిజన్ సెన్సర్ పరీక్షలు ‘పూర్తి కాలేదు’ అని ఉంటే కోడ్‌లు ఈ మధ్యనే చెరిపారు, లేదా బ్యాటరీ తీశారు. ఎందుకని అడగండి. ఇంకొన్ని రోజులు నడిపి ఆ పరీక్షలు పూర్తయ్యాక మళ్లీ స్కాన్ చేయనిస్తేనే బేరం మాట్లాడండి.