ఎయిర్‌గన్ బట్ మీద నూనె ఆరకపోతే

అన్నా, మీ నాన్నగారి పాత ఎయిర్‌గన్ బట్‌కు (భుజానికి ఆనించే కర్ర భాగానికి) ఉప్పుకాగితం కొట్టి అవిసె నూనె రాస్తే, పది రోజులైనా చేతికి అంటుకుంటోందన్నారు కదా. టెన్షన్ పడకండి, కర్రకేం కాలేదు. మీరు వాడింది పచ్చి నూనె అయ్యుంటుంది, పైగా దండిగా పూసుంటారు. అవిసె నూనె నీళ్లలా ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్ తగిలి గట్టిపడుతుంది. మందంగా పూస్తే పైన మీగడ కట్టి లోపల పచ్చిగానే ఉంటుంది.

బట్ విడదీసి, టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో, మొండిచోట్ల సన్నటి స్టీల్ వుల్ (ఇనుప పీచు)తో, కర్ర చార వెంబడే రుద్ది ఆ జిడ్డంతా తీసేయండి. ఒక రోజు ఆరనివ్వండి.

చెంప ఆనేచోట సొట్ట ఉందన్నారు, దాన్ని ఇప్పుడే చూసుకోవాలి. తడిగుడ్డ పరిచి వేడి ఇస్త్రీపెట్టె కాసేపు ఆనిస్తే, ఆవిరికి నలిగిన నారలు ఉబ్బి పైకొస్తాయి. నారలు తెగిపోయిన గాటయితే మాత్రం లేవదు. ఆరాక 320 నంబరు కాగితంతో తేలిగ్గా రుద్దండి.

ఈసారి పెయింట్ షాపులో బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ అడగండి. అందులో త్వరగా ఆరే మందు కలిపి ఉంటుంది. నాలుగు చుక్కలు అరచేత్తో పట్టించి, పావుగంట ఆగి పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేయండి. రోజుకో పూత, మూడు నాలుగు చాలు. నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. నీళ్లలో ముంచి బయట పరిచి ఆరబెట్టండి.

పట్టుకునే చోట చేయి జారకుండా చెక్కిన గళ్లు ఉంటే వాటికి ఉప్పుకాగితం తగలనివ్వకండి, పాత టూత్‌బ్రష్ చాలు.